పాత ఇంజిన్ కొంటున్నారా? ధరతో పాటు ఇవీ లెక్కలో వేసుకోండి

కూరగాయలు మార్కెట్‌కు, పాలు కేంద్రానికి, ఎరువు బస్తాలు పొలానికి చేర్చడానికి చాలామంది సన్నకారు రైతులు పాత జీపులు, కార్లు, చిన్న పికప్ బండ్లు వాడుతున్నారు. ఇంజిన్ బోరుకు వచ్చినప్పుడు కొత్తది కొనే స్థోమత ఉండదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దొరుకుతుంది. అయితే అమ్మేవారు చెప్పే ధర ఖర్చులో ఒక భాగం మాత్రమే. కొనే ముందు ఈ విషయాలు తెలుసుకోవాలి.

ముందుగా మీ ఇంజిన్‌నే చూపించండి

హెడ్ గాస్కెట్ పోయినా ఇంజిన్ వేడెక్కుతుంది, నీళ్లు తగ్గుతాయి, తెల్ల పొగ వస్తుంది. అంతమాత్రాన ఇంజిన్ మొత్తం పోయినట్టు కాదు. ఇద్దరు మెకానిక్‌లకు చూపించి, బోరు చేయించి పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చడానికి ఎంతవుతుందో రాయించుకోండి. సొంత ఇంజిన్ బాగు చేయిస్తే లోపల ఏం వేశారో మీకు తెలుస్తుంది, ఆర్సీలోని ఇంజిన్ నంబరు మారదు. బ్లాక్ పగిలినా, క్రాంక్ విరిగినా, విడిభాగాలు దొరకకపోయినా అప్పుడు పాత ఇంజిన్ గురించి ఆలోచించవచ్చు.

అసలు ఖర్చు ఎంత?

లెక్క ఎలా వేయాలో చూపడానికి ఒక ఉదాహరణ. బండిని బట్టి, ఊరిని బట్టి ధరలు మారతాయి.

- పాత ఇంజిన్: రూ. 45,000
- రవాణా: రూ. 3,000
- విప్పి బిగించే కూలి: రూ. 10,000
- ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్: రూ. 4,000
- టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు: రూ. 8,000
- క్లచ్ సెట్టు: రూ. 6,000
- పైపులు, మౌంటింగులు: రూ. 4,000

మొత్తం రూ. 80,000. బండి ఆగిన రోజుల్లో కిరాయి వాహనానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. కోతల సమయంలో ఇదే పెద్ద భారం. బెల్టు, సీళ్లు ఇంజిన్ బయట ఉన్నప్పుడే మార్చాలి. తర్వాత మార్చాలంటే మళ్లీ కూలి ఇవ్వాల్సి వస్తుంది.

పరీక్ష ఎలా చేయాలి?

- ఇంజిన్ చల్లగా ఉండగా మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగ్ లోపం బయటపడదు.
- పొగ గమనించండి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి వెళ్తున్నాయని లేదా డీజిల్ సరిగా కాలడం లేదని అనుమానించాలి.
- ఆయిల్ మూత తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి.
- మెకానిక్‌తో కంప్రెషన్ పరీక్ష చేయించండి. సిలిండర్ల మధ్య తేడా సుమారు 10 శాతానికి మించితే ఆ ఇంజిన్ వదిలేయడం మంచిది.
- వరదలో మునిగిన బండిదా అని అడగండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి. మూలల్లో ఎండిన బురద, తుప్పు పట్టిన బోల్టులు, సెన్సార్ ప్లగ్గుల్లో పచ్చటి పొర కనిపిస్తే తీసుకోవద్దు.
- బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చాయి. వేరే దశ ఇంజిన్ తెస్తే సెన్సార్లు, వైరింగ్, కంప్యూటర్ కలవవు. రిజిస్ట్రేషన్‌కూ చిక్కు వస్తుంది.

కాగితాలు లేకుండా కొనవద్దు

ఇంజిన్ నంబరు చెరిపినట్టు, మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే ఎంత చౌకైనా వద్దు. అది దొంగ బండిదైతే పోలీసు కేసు మీ దాకా వస్తుంది. ఏ బండి నుంచి తీశారో ఆ బండి ఆర్సీ నకలు, ఇంజిన్ నంబరు రాసిన బిల్లు తప్పనిసరిగా అడగండి.

బిగించే ముందే ఆర్టీవో కార్యాలయంలో అనుమతి గురించి అడగండి. మార్చిన 14 రోజుల్లోగా తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. బండి మీద ఫైనాన్స్ ఉంటే వారి అంగీకారం కూడా కావాలి. ఆర్సీలో కొత్త నంబరు ఎక్కాక బీమా కంపెనీకి తెలపండి. నంబరు తేడా ఉంటే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ ఆగిపోయే అవకాశం ఉంది. ఈ పని పూర్తయ్యేదాకా మీ పాత ఇంజిన్‌ను ఎవరికీ ఇవ్వవద్దు.

గ్యారంటీ రాతలో తీసుకోండి

కొందరు ఇచ్చేది స్టార్టింగ్ గ్యారంటీ మాత్రమే. బిగించాక స్టార్ట్ అయితే వారి బాధ్యత తీరినట్టే. ఎన్ని రోజులు, ఏ భాగాలకు, చెడితే డబ్బు ఇస్తారా లేక వేరే ఇంజిన్ ఇస్తారా, మళ్లీ బిగించే కూలి ఎవరిది అనేవి బిల్లు మీదే రాయించండి. బిల్లు ఉంటేనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నిలుస్తుంది.

చివరగా, సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత రెన్యూవల్ చేయించాలి. ఆ గడువు దగ్గర పడి, బాడీ కూడా తుప్పు పట్టి ఉంటే ఇంజిన్ మీద అప్పు చేయడం నష్టమే. మొత్తం ఖర్చు, బాగయ్యాక బండికి వచ్చే ధర పక్కపక్కన రాసుకుని చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.