కాలేయ వ్యాధియు, కారు నడుపుటయు

కారు నడుపువానికి ఏ అవయవములు సరిగా ఉండవలెనని అడిగినచో విద్యార్థులు వెంటనే కన్నులు, చెవులు, కాళ్ళు, చేతులు అని చెప్పుదురు. కాలేయము పేరు ఎవ్వరును చెప్పరు. ఉదరమున కుడివైపు, ప్రక్కటెముకల చాటున, సుమారు 1.5 కిలోగ్రాముల బరువుతో ఉండు ఈ గ్రంథికిని, రోడ్డు మీది ప్రమాదమునకును సంబంధమేమి? సంబంధము కలదు. అది రక్తముతోపాటు మెదడు వరకు పోవు సంబంధము.

మనము తిను పప్పు, పాలు, గ్రుడ్లు, మాంసము మొదలగు వానిలో మాంసకృత్తులు ఉండును. వీనిలో నత్రజని కలదు. ప్రేగులలోని సూక్ష్మజీవులు నత్రజని గల పదార్థములను విచ్ఛిన్నము చేయునపుడు అమోనియా పుట్టును. ప్రయోగశాలలో సీసా మూత తీసినంతనే మనచే ముక్కు మూయించు అమోనియాయే ఇది. ప్రేగుల నుండి వచ్చు రక్తము తిన్నగా గుండెకు పోదు. కాలేయ నిర్వాహక సిర ద్వారా ముందు కాలేయమునకు పోవును. అచ్చట అమోనియా యూరియాగా మారి, మూత్రపిండముల ద్వారా వెలికి పోవును. ఈ మార్పు జరుగు క్రమమును 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

కాలేయమునకు ఈ పని తప్పించినచో ఏమగును? రష్యాలో పావ్లోవ్, నెన్‌స్కీ మొదలగువారు ప్రేగుల రక్తము కాలేయమును తప్పించుకొని పోవునట్లు కుక్కలకు శస్త్రచికిత్స చేసి, ఫలితములను 1893లో ప్రకటించిరి. మాంసము తినిన పిదప ఆ కుక్కలలో కొన్ని తూలెను. కొన్ని స్పృహ కోల్పోయెను.

మనుష్యులలో ఇట్టి స్థితి వ్యాధి వలన కలుగును. మద్యపానము, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, కాలేయములో కొవ్వు పేరుకొనుట మొదలగు కారణములచే ఏండ్ల తరబడి కాలేయము దెబ్బ తినినచో, మెత్తని కణజాలమునకు బదులు గట్టి మచ్చలు ఏర్పడును. దీనిని సిర్రోసిస్ అందురు. అప్పుడు కొంత రక్తము శుద్ధి కాకయే కాలేయమును దాటిపోవును. అందలి అమోనియా మెదడును చేరును. మెదడులోని నక్షత్రాకార కణములు దానిని గ్లుటమిన్‌గా మార్చును. గ్లుటమిన్ నీటిని ఆకర్షించుటచే ఆ కణములు ఉబ్బును. మెదడు పని మందగించును.

వ్యాధి ముదిరినపుడు రోగి పగలు నిద్రించి రాత్రి మేల్కొనును; చాచిన చేతులు పక్షి రెక్కలవలె కొట్టుకొనును; మాట తడబడును. అట్టివాడు వాహనము నడుపరాదని ఎవరైనను చెప్పగలరు. చిక్కంతయు దీనికి ముందు దశలో ఉన్నది. ఆ దశలో రోగి అందరివలెనే మాటలాడును. వైద్యుని ప్రశ్నలకు చక్కగా జవాబిచ్చును. ప్రత్యేక పరీక్ష చేసిననే లోపము బయటపడును. కాగితము మీద చెదరియున్న 1 నుండి 25 వరకు గల అంకెలను వరుసగా గీతతో కలుపుమని చెప్పి, పట్టిన కాలమును కొలుతురు. చదువు రానివారికి ఇది పనికిరాదు గనుక, మన దేశపు వైద్యులు 1995లో అంకెలకు మారుగా బొమ్మలను కలుపు పరీక్షను ప్రకటించిరి. రోగి వయస్సు, చదువు గమనించి ఫలితమును నిర్ణయింతురు. లోపమున్నవాడు పని పూర్తిచేయవచ్చును. కాని ఆలస్యముగా చేయును.

ఈ ఆలస్యమునకు రోడ్డు మీద వెల ఎంత? గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. బ్రేకు త్రొక్కుటకు అర సెకను ఎక్కువ పట్టినచో, అది 8 మీటర్లకు పైగా ముందునకు పోవును. బడి విడిచిన వేళ రోడ్డు దాటు బాలునికి ఆ 8 మీటర్లే ప్రాణము.

2004లో ప్రకటింపబడిన ఒక జర్మను పరిశోధనలో, శిక్షకుని ప్రక్కన కూర్చుండబెట్టి, రోగులచే రోడ్డు మీదనే కారు నడిపించిరి. ఈ దాగియున్న లోపము గల 14 మందిలో 5 మంది విషయమున, ప్రమాదము తప్పించుటకు శిక్షకుడు కల్పించుకొనవలసి వచ్చెను. తక్కిన 9 మంది విషయమున అట్టి అవసరము రాలేదు. కావున సిర్రోసిస్ అను పేరు వినినంతనే ఒక లారీ డ్రైవరు జీవనోపాధిని తీసివేయుట న్యాయము కాదు. పరీక్షింపక విడుచుటయు క్షేమము కాదు.

“నాకేమియు లేదు, బాగుగనే నడుపుచున్నాను” అని రోగి చెప్పవచ్చును. అది అబద్ధము కాదు. అతనికి నిజముగా అట్లే తోచును. తన లోపమును తాను గుర్తింపవలసినది మెదడే. లోపము దానియందే ఉన్నది. ఇట్టి రోగులు తమ నేర్పును ఉన్నదానికంటె ఎక్కువగా తలచుదురని 2008లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన తెలిపినది.

ఇది చికిత్సకు లొంగు లోపమగుట సంతోషకరము. లాక్టులోజ్ అను తియ్యని మందు పెద్దప్రేగులో ఆమ్లత్వమును పెంచి, అమోనియాను అచ్చటనే నిలిపి, మలముతో వెలికి పంపును. దీనివలన రోగుల జ్ఞాపకము, అవధానము మొదలగు మనశ్శక్తులు మెరుగుపడునని చండీగఢ్ వైద్యులు 2007లో చూపిరి.

కనుక ఇంటిలో సిర్రోసిస్ రోగి వాహనము నడుపుచున్నచో, ఇంటివారు కనిపెట్టి ఉండవలెను. తెలిసిన దారి తప్పుట, బండికి తరచు గీతలు పడుట, పగటి కునుకు కనిపించినచో వైద్యునికి తామే చెప్పవలెను. పరీక్ష పూర్తియగు వరకు తాళపుచెవి మరొకరి చేతిలో ఉండుట మేలు. ఇది రోగిని అవమానించుట కాదు. అతనిని, ఎదుట వచ్చువానిని కూడ కాపాడుట.