పుస్తకాల్లో లేని ఆస్తి

కువైట్‌లో అకౌంట్స్ పని చేస్తున్న నన్ను మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పార్ట్‌నర్‌షిప్ నుంచి తప్పుకుంటున్నాను, నా వాటా కింద ఎంత అడగాలి?" చాలామంది ఫ్రిజ్‌లు, పొయ్యిలు, వ్యాను, బ్యాంకులో ఉన్న డబ్బు లెక్కేసి ఊరుకుంటారు. ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకున్న పేరును, రోజూ వచ్చే కస్టమర్లను లెక్కలోకి తీసుకోరు. నష్టపోయేది అక్కడే.

వీటిని ఇన్‌టాంజిబుల్ అసెట్స్ అంటారు. అంటే చేత్తో తాకలేని ఆస్తులు: బ్రాండు, ట్రేడ్‌మార్కు, సాఫ్ట్‌వేర్, కస్టమర్ల జాబితా వంటివి. మనం భోజనం తెప్పించుకునే తలబాత్‌నే చూడండి. 2004లో కువైట్‌లోనే మొదలైంది. 2015లో జర్మనీకి చెందిన రాకెట్ ఇంటర్నెట్ దాన్ని 15 కోట్ల యూరోలకు కొన్నది. ఇతరుల హోటళ్ల నుంచి ఆర్డర్లు తీసుకునే కంపెనీకి అంత ధర పలికిందంటే, అది కుర్చీలకూ కంప్యూటర్లకూ ఇచ్చిన ధర కాదు కదా!

అయితే ఇలాంటి విలువ సొంత బ్యాలెన్స్ షీట్‌లో కనబడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 38 ప్రకారం, మనమే పెంచుకున్న బ్రాండును, కస్టమర్ల జాబితాను ఆస్తిగా రాయకూడదు. వాటికైన ఖర్చును వ్యాపారం నడపడానికైన మిగతా ఖర్చు నుంచి విడదీయలేమన్నది కారణం. అదే వ్యాపారాన్ని ఇంకొకరు కొంటే, వాళ్ల పుస్తకాల్లో బ్రాండుకు, కస్టమర్ల జాబితాకు విడివిడిగా విలువ కట్టి రాస్తారు. అన్నిటికీ కట్టాక ధరలో మిగిలినదే గుడ్‌విల్. మంచి వంటమాస్టర్ పనితనం కూడా అందులోనే కలిసిపోతుంది. రేపు ఆయన మానేస్తే కంపెనీ ఆపలేదు కాబట్టి దాన్ని విడి ఆస్తిగా రాయరు.

పేరుకు విలువ కట్టే పద్ధతుల్లో ఒకటి చెబుతాను. ఆ పేరు మనది కాకపోతే, వాడుకున్నందుకు ఏటా ఎంత రాయల్టీ కట్టేవాళ్లం? ఫర్వానియాలో ఒక మెస్‌కు ఏటా 60,000 దినార్ల అమ్మకాలు ఉన్నాయనుకుందాం. 3 శాతం రాయల్టీ అంటే ఏటా 1,800, ఐదేళ్లకు 9,000 దినార్లు. కానీ ఐదేళ్ల తర్వాత వచ్చే దినారు ఇవాళ్టి దినారుతో సమానం కాదు. ఏడాదికి 12 శాతం చొప్పున తగ్గిస్తే ఇవాళ్టి విలువ సుమారు 6,500 దినార్లు. అమ్మేవారి పుస్తకాల్లో ఇది సున్నా. కొన్నవారు దీన్ని ఆస్తిగా రాసుకుని, ఐదేళ్లపాటు ఏటా 1,300 చొప్పున ఖర్చు కింద తగ్గించుకుంటారు. మూడో వంతు వాటా ఉన్నవారికి పేరు మీదే రెండు వేల దినార్లకు పైగా రావాలన్నమాట.

కువైట్ కంపెనీల్లో సాధారణంగా మన వాటా 49 శాతం దాటదు. అందుకే పేరు ఎవరికి చెందుతుంది, తప్పుకునేటప్పుడు దానికి ఎలా విలువ కడతారు అన్నది ఒప్పందంలోనే రాయించుకోండి. ట్రేడ్‌మార్కు ఎవరి పేరున రిజిస్టరైందో చూసుకోండి. పుస్తకాల్లో సున్నా ఉందని చెప్పి ఎవరైనా ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం ముందు పెడితే, సంతకానికి ముందు ఈ లెక్క ఒకసారి అడగండి.