బురద మీద లేచిన కట్ట

టన్ను రాయిని పిండిలా నూరితే చేతికొచ్చే రాగి కొన్ని కిలోలే. తక్కినదంతా నీళ్లతో కలిసి గొట్టాల్లో పారి టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. ఆ చెరువుకు కట్ట వేయడానికి గనులవాళ్లకు దొరికిన అతి చవకైన ఉపాయం అప్‌స్ట్రీమ్ పద్ధతి. ముందు చిన్న కట్ట వేస్తారు. చెరువు నిండి, అంచున బురద కాస్త గట్టిపడగానే దాని మీదే ఇంకో కట్ట లేపుతారు. ఆపైన మరొకటి. బయటినుంచి మట్టి తోలించే ఖర్చు చాలావరకు తప్పుతుంది. గని యజమానికి ఇంతకన్నా ఏం కావాలి?

భూకంపాలకు పుట్టిల్లయిన చిలీలోనే ఈ కట్టలు విరివిగా లేచాయి. 1928 డిసెంబర్‌లో ఎల్ తెనియెంతె గనికి చెందిన బరహోనా కట్ట తెగి 54 మంది చనిపోయారు. అయినా పద్ధతి మారలేదు. 1965 మార్చి 28, ఆదివారం మధ్యాహ్నం ఎల్ కోబ్రెలో భూమి కంపించింది. అక్కడి గని కట్టలు రెండు తెగి, సుమారు 20 లక్షల టన్నుల బురద నిమిషాల్లో లోయ వెంట 12 కిలోమీటర్లు దూసుకుపోయింది. దిగువనున్న పల్లె మునిగిపోయింది. మృతులు 200కు పైమాటే.

గట్టిగా కనిపించిన నేల నీరైపోవడమేమిటి? ధాన్యం కొలిచేటప్పుడు కుంచాన్ని తడితే గింజలు సర్దుకుని కిందికి దిగుతాయి. వదులు ఇసుక కూడా కుదిపితే అలాగే దిగాలి. కానీ రేణువుల మధ్య నీరుంది, దానికి తప్పుకునే వ్యవధి లేదు. బరువంతా నీటి మీద పడుతుంది. రేణువుకూ రేణువుకూ మధ్య ఒరిపిడి పోయి, బురద ద్రవంలా కదులుతుంది.

ఎల్ కోబ్రె తర్వాత, 1970లో చిలీ ఈ పద్ధతిని నిషేధించింది.

ముప్పు కుదుపుతోపాటే ముగిసిపోదు కూడా. 1978 జనవరిలో జపాన్‌లోని మొచికోషి బంగారు గనిలో ఒక కట్ట భూకంపం రాగానే తెగింది. రెండోది మర్నాడు, నేల కదలకుండా ఉన్నప్పుడు తెగింది. లోపల పెరిగిన నీటి ఒత్తిడి నెమ్మదిగా పాకడమే కారణమంటారు. సైనైడ్ కలిసిన బురద నదిలోకి చేరింది.

లోహాన్ని కరిగించి తీసే హీప్ లీచ్ గుట్టల సంగతి వేరు. ప్లాస్టిక్ షీటు పరిచి, దానిపై ఖనిజాన్ని పోసి, బంగారానికైతే సైనైడ్, రాగికైతే ఆమ్లం చిలకరిస్తారు. నీరు ఎప్పటికప్పుడు కిందికి దిగిపోతుంది కనుక ఇవి కొంత నయం. అయితే నున్నటి షీటు మీద గుట్ట జారవచ్చు. అడుగున గొట్టాలు పూడుకుంటే తడి నిలిచిపోతుంది. టర్కీలోని చోప్లెర్‌లో 2024 ఫిబ్రవరిలో ఏ భూకంపమూ లేకుండానే గుట్ట జారి తొమ్మిది మంది కార్మికులు సమాధయ్యారు. అలాంటి గుట్టకు భూకంపం కూడా తోడైతే?

ఇక చిలీ తెచ్చిన నిషేధం కొత్త కట్టలకే అడ్డుపడింది. 2010లో 8.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో చిలీలోని లాస్ పాల్మాస్ వద్ద, ఏనాడో పని ఆగిపోయిన చెరువు తెగి ఒకే కుటుంబంలోని నలుగురిని మింగింది. ఆ దేశపు లెక్కల్లో టెయిలింగ్ నిల్వలు 700కు పైనే ఉన్నాయి. వాటిలో చాలావాటి గనులు ఎప్పుడో మూతపడ్డాయి.