చెయ్యి మాత్రం ఊపొచ్చు!

"ఎవరే ఈ ఎద్దు మొహం వాడు?" అన్నాను.

మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఎద్దు కాదమ్మా, టారెన్. నా స్నేహితుడు. స్నేహితుడి కంటే కాస్త ఎక్కువే!" అంది.

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చినప్పటి మాట. భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. తెరమీద ఓ చెరువు. గట్టున ఊదారంగు ఒంటితో, బారెడు చెవులతో ఓ పొడుగాటి పిల్ల. అది మా అమ్మాయేనట! ఎదురుగా కొమ్ములతో కొండంత శాల్తీ. ఇద్దరూ వంగి ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటున్నారు. ముప్ఫై నాలుగేళ్లొచ్చాయి, సంబంధాలు చూస్తుంటే తల తిప్పుకుంటుంది, ఇదేం గోల అని ముందు విసుగొచ్చింది. కానీ పక్కన కూర్చుని విన్నకొద్దీ లేవబుద్ధి కాలేదు.

ఆ ఆట పేరు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'. అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ 2004 నవంబరులో విడుదల చేసింది. నెలనెలా చందా కట్టి, ఇంటర్నెట్‌లో వేలమంది ఒకే లోకంలో ఆడతారు. మొదట్లో అందులో ఎనిమిది జాతులు, రెండు పక్షాలు. మనుషులు, మరుగుజ్జులు, నోమ్‌లు, నైట్ ఎల్ఫ్‌లు 'అలయన్స్' పక్షం. ఓర్క్‌లు, ట్రోల్‌లు, టారెన్‌లు, చచ్చి లేచినవాళ్లు 'హోర్డ్' పక్షం. రెంటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

అసలు విశేషం ఇక్కడుంది. ఎదుటి పక్షం వాళ్లు పక్కనే నిలబడి మాట్లాడినా అర్థం కాదు. ఆటే ఆ మాటల్ని కలగాపులగం చేసేస్తుంది. అటువాళ్లు నవ్వుతూ 'లోల్' అని రాస్తే ఇటువాళ్లకి 'కెక్' అని కనిపిస్తుంది! సొంతంగా ఏదైనా అభినయం రాసి చూపిద్దామన్నా 'ఏవో వింత సైగలు చేస్తున్నాడు' అని మాత్రమే వస్తుంది. మరి మిగిలిందేమిటి? ఆటలో ముందే పెట్టిన సైగలు. చెయ్యి ఊపడం, వంగి దణ్ణం పెట్టడం, ఏడవడం, నాట్యం చెయ్యడం, గాల్లో ముద్దు విసరడం. ఇవి మాత్రం గోడ దాటతాయి.

"మరి ప్రేమెలా పుట్టిందే?" అన్నాను.

డ్రూయిడ్లని ఉంటారట. చెట్టూ చేమా, జంతువుల్నీ కాపాడే మునుల్లాంటి వాళ్లు. ఆ ఎనిమిది జాతుల్లో మొదట నైట్ ఎల్ఫ్‌లకీ, టారెన్‌లకీ మాత్రమే ఆ విద్య ఉండేది. శత్రుపక్షాలైనా గురుకులం ఒకటే. ఆ చోటు పేరు 'మూన్‌గ్లేడ్'. ఏ పక్షానికీ చెందని చెరువుగట్టు. డ్రూయిడ్లకి ఒక్క మంత్రంతో అక్కడికి చేరిపోయే వీలుంది. మా అమ్మాయి అక్కడే 2016లో ఈ టారెన్‌ని చూసింది. చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. మర్నాడు అదే వేళకి మళ్లీ వచ్చాడు. ఏ జాతి నాట్యం ఆ జాతిదే కాబట్టి ఆమె ఒకలా, అతను ఒకలా గట్టుమీద చిందులేసేవారట.

అలా ఆరేళ్లు!

"బయట నుంచి పలకరించుకునే దారులు లేకపోలేదమ్మా. పాత్రలుగా ఆడేవాళ్లం, అవి వాడకూడదనుకున్నాం" అంది. ఓపిక అంటే అదీ.

2022 మేలో కంపెనీ రూలు సడలించింది. రెండు పక్షాలవాళ్లూ ఒకే జట్టుగా చేరి కొన్ని సాహసాలు చెయ్యొచ్చంది. జట్టులో చేరితే మాటలు అర్థమవుతాయి. 2023లో ఒకే సంఘంలో సభ్యులుగా ఉండటానికీ ఒప్పుకుంది. జట్టు కట్టిన మొదటి రాత్రి అతను 'హలో' అని రాశాడట. మా అమ్మాయికి అయిదు నిమిషాలు ఏం రాయాలో తోచలేదట.

తరవాత తెలిసింది, అటువైపు ఆ టారెన్‌ని ఆడిస్తున్నది పోలండ్‌లో ఇద్దరు పిల్లల తల్లి! నేను కడుపుబ్బ నవ్వాను. "నీకు బాధేయలేదుటే?" అంటే, "ఎందుకూ? ప్రేమ పాత్రలది, స్నేహం మాది" అంది. ఈ గీత చెరిపేసుకున్నవాళ్లే మోసపోతారని కూడా చెప్పింది. ఆటలో పరిచయమైనవాళ్లు డబ్బడిగినా, ఫొటోలడిగినా అక్కడితో ఆపెయ్యాలిట. మీ పిల్లలు ఇలాంటివి ఆడుతుంటే ఈ ఒక్క మాటా చెవినెయ్యండి.

అన్ని ఆటలూ ఇంత కఠినం కాదు. జపాన్ వాళ్ల 'ఫైనల్ ఫాంటసీ 14'లో 2014 డిసెంబరు నుంచీ పెళ్లి వేడుకే పెట్టారు. ఏ జాతివాళ్లు ఏ జాతివాళ్లనైనా చేసుకోవచ్చు. ఉంగరం ఇస్తారు, అది వాడితే జీవిత భాగస్వామి ఉన్నచోటికి చిటికెలో వెళ్లిపోవచ్చు. వార్‌క్రాఫ్ట్ కథలోనూ టురాల్యన్ అనే మనిషికీ, అలేరియా అనే ఎల్ఫ్‌కీ పుట్టిన కొడుకున్నాడు. వేరే జాతైనా ఒకే పక్షం కాబట్టి పెద్దగా ఎవరూ అడ్డుపడలేదనుకుంటా!

నవ్వుతూనే విన్నాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అక్క 1988లో తన ఆఫీసులో పనిచేసే వేరే కులం అబ్బాయిని రిజిస్టరు పెళ్లి చేసుకుంది. "అది గడప తొక్కడానికి వీల్లేదు, దాంతో ఎవరూ మాట్లాడ్డానికి వీల్లేదు" అన్నారు నాన్న. 1991లో తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్లి. నేను పీటల దగ్గర ఉన్నాను, కడుపులో మా అమ్మాయి. పందిరి చివర, చంకలో పిల్లాడితో అక్క. నేను చెయ్యెత్తాను. పైకి కాదు, ఎవరికీ కనబడకుండా నడుము దగ్గరే. అక్కా అలాగే ఊపింది. అంతే! భోజనాల వేళకి వెళ్లిపోయింది.

2002లో నాన్న పోయాకే మళ్లీ మాట్లాడుకున్నాం. అప్పటికి వాడికి పదమూడేళ్లు. నన్ను "ఆంటీ" అన్నాడు. పిన్ని అనలేదు. అనాలని వాడికెవరు చెప్పారు గనక?

మా అమ్మాయికీ, ఆ టారెన్‌కీ మధ్య కంప్యూటరు అడ్డుంది. నాకూ అక్కకీ మధ్య ఏముంది? ఇరవై అడుగుల పందిరి. నాలుగడుగులు వేస్తే అక్క చెయ్యి పట్టుకునేదాన్ని. నోరుంది, భాష ఒకటే. నాన్న కోప్పడేవారు, నిజమే. కోప్పడి ఏం చేసేవారు? ఇన్నేళ్లూ ఆయన్నే తప్పుపట్టాను. నేను వెయ్యని నాలుగడుగుల మాట ఎవరితోనూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే అక్కకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. కాసేపు పలకలేదు. తరవాత, "చెయ్యి ఊపావుగా, అదే గుర్తుందే నాకు" అంది.

ఊరెళ్లే ముందు మా అమ్మాయి నాచేత కూడా ఆ టారెన్‌కి చెయ్యి ఊపించింది. పోలండ్ తల్లి వెంటనే వంగి దణ్ణం పెట్టింది!

అప్పుడే మా అమ్మాయితో అన్నాను. "రేపు నువ్వెవర్ని తీసుకొచ్చినా, మనిషెవరో ఏమిటో అన్నీ అడుగుతాను, అది తల్లిగా నా పని. కానీ కొమ్ములున్నవాణ్ణి తెచ్చినా గడప బయట మాత్రం నిలబెట్టను. లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మాట్లాడతాను."

"కొమ్ములున్నవాళ్లు కాఫీ తాగుతారో లేదో కనుక్కుంటాలే" అంది, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.