కంపెనీ మూతపడినా ఆట ఆగలేదు: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఫ్యాన్స్ ఏం చేశారో తెలుసా?

చాట్‌లో ఎవరైనా '11' అని కొడితే మీ చెవుల్లో ఓ పగలబడి నవ్వే నవ్వు వినిపించిందా? అయితే మీరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడిన బ్యాచే! ఒకప్పుడు మన ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ పక్కనే ఈ గేమ్ ఐకాన్‌ని కూడా చాలామంది చూసే ఉంటారు.

ఈ గేమ్ వచ్చింది 1999లో. ఆన్‌లైన్‌లో ఆడుకోవడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన గేమింగ్ జోన్‌లో ఇలాంటి సీడీ గేమ్స్‌కి 2006లో సపోర్ట్ ఆపేశారు. గేమ్ తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009 జనవరిలో మూతపడింది. లెక్క ప్రకారం కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఇప్పటికీ కొత్త అప్‌డేట్స్ వస్తున్నాయి, టోర్నమెంట్లు జరుగుతున్నాయి. ఇదంతా ఎలా సాధ్యమైంది?

చిన్న ఫైల్‌తో మొదలైంది

ఇందులో వందల మంది సైనికులు ఒకేసారి కొట్టుకుంటారు. ఒక్కొక్కరు ఎక్కడున్నారో డయల్ అప్ నెట్‌లో పంపాలంటే కుదిరే పని కాదు. అందుకే డెవలపర్లు ఒక ట్రిక్ వాడారు. ఎవరు ఏ ఆర్డర్ ఇచ్చారో అది మాత్రమే నెట్‌లో వెళ్తుంది, ఆటని ఎవరి కంప్యూటర్ వాళ్లది సొంతంగా నడిపించుకుంటుంది. రికార్డ్ చేసిన ఆట కూడా అంతే. వీడియో ఉండదు, ఆర్డర్ల లిస్ట్ మాత్రమే ఉంటుంది. కాబట్టి ఫైల్ చాలా చిన్నది.

దీనివల్ల ఆటని పంచుకోవడం సులువైపోయింది. ఏజ్ ఆఫ్ కింగ్స్ హెవెన్ లాంటి ఫ్యాన్ సైట్లకి జనం మొదట టిప్స్ కోసం, మ్యాప్స్ కోసం వెళ్లేవాళ్లు. పని అయిపోతే వెళ్లిపోవచ్చు. కానీ ఓడిపోయిన కుర్రాడు 'నేనెక్కడ తప్పు చేశాను?' అని తన ఫైల్ పెట్టాడనుకోండి. ఇంకో దేశంలో ఉన్న సీనియర్ దాన్ని మొత్తం చూసి, 'టౌన్ సెంటర్‌ని ఖాళీగా వదిలేశావ్, విలేజర్లని ఆపకుండా తయారు చేయాలి' అని చెప్తాడు. ఆర్నెల్ల తర్వాత అదే కుర్రాడు ఇంకో కొత్తవాడికి చెప్తాడు. సైట్ కాస్తా కమ్యూనిటీ అయ్యేది సరిగ్గా ఇక్కడే.

సర్వర్ లేకపోతే మేమే చూసుకుంటాం

ఆటగాళ్ల కంప్యూటర్లు నేరుగా కనెక్ట్ అయ్యే వీలు గేమ్‌లోనే ఉండటం కలిసొచ్చింది. అఫీషియల్ జోన్ పోయాక ఆటగాళ్లు వూబ్లీ లాంటి వేరే ప్లాట్‌ఫామ్‌లకి మారిపోయారు. కొత్త వైడ్‌స్క్రీన్ మానిటర్లలో గేమ్ సరిగ్గా రావట్లేదా? బగ్స్ అలాగే ఉండిపోయాయా? ఫ్యాన్స్ 'యూజర్‌ప్యాచ్' పేరుతో సొంతంగా ప్యాచ్ తయారు చేసుకున్నారు.

ఆ తర్వాత ఒక ఫ్యాన్ టీమ్ 'ఫర్గాటెన్ ఎంపైర్స్' అనే మోడ్ చేసింది. ఇటాలియన్లు, ఇంకాలు, మాగ్యార్లు, స్లావ్‌లతో పాటు ఇండియన్స్ కూడా గేమ్‌లోకి వచ్చింది ఈ మోడ్‌తోనే. 2013లో స్టీమ్‌లో హెచ్‌డీ ఎడిషన్ రాగానే మైక్రోసాఫ్ట్ ఈ టీమ్‌తో చేతులు కలిపింది. అదే ఏడాది నవంబర్‌లో ఆ మోడ్ అఫీషియల్ ఎక్స్‌పాన్షన్‌గా విడుదలైంది. ఫ్యాన్ టీమ్ కాస్తా స్టూడియో అయిపోయింది, 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌ని తయారుచేసింది కూడా వీళ్లే. 2022లో వచ్చిన 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా'లో ఒకే ఇండియన్స్ స్థానంలో హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు వచ్చారు.

అలాగని కంపెనీ ఏది ఇస్తే దానికి తలూపారా అంటే, అదీ లేదు. హెచ్‌డీ ఎడిషన్ ఆన్‌లైన్‌లో సరిగ్గా నడవట్లేదని చాలామంది మంచి ఆటగాళ్లు వూబ్లీలోనే ఉండిపోయారు. చివరికి హెచ్‌డీలో వచ్చిన కొత్త సైన్యాల్ని పాత గేమ్‌లోకి తెచ్చుకోవడానికి 'వొలోలో కింగ్‌డమ్స్' అనే మోడ్ కూడా వచ్చింది!

ఓడిపోయేవాడికీ చోటుంది

ఇక టీ90 అనే స్ట్రీమర్ సంగతి. 'లో ఈలో లెజెండ్స్' పేరుతో అతను బాగా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్ల ఆటలకి కూడా కామెంటరీ చెప్తాడు. గొర్రెల్ని మర్చిపోయేవాళ్లు, గంటల తరబడి గోడలు కట్టుకుంటూ కూర్చునేవాళ్లు ఇందులో హీరోలు. అతనే పెట్టిన 'హిడెన్ కప్'లో టాప్ ప్లేయర్లు తమ పేర్లు దాచి ఆడతారు. స్టైల్‌ని బట్టి ఎవరెవరో ప్రేక్షకులు పట్టుకోవాలి. ఏళ్ల తరబడి ఒకరి ఆట ఒకరు చూసినవాళ్లకే ఇందులో మజా తెలుస్తుంది.

మరి మన గేమ్స్ సంగతి?

ఇప్పుడు మీ ఫోన్‌లో రోజూ ఆడే గేమ్‌ని ఒకసారి గుర్తు చేసుకోండి. రీప్లే ఫైల్ మీ దగ్గర ఉంటుందా? మ్యాప్ ఎడిటర్ ఉందా? రేపు కంపెనీ సర్వర్ ఆపేస్తే ఆడుకునే దారి ఉందా? చాలా గేమ్స్‌కి మూడింటికీ సమాధానం 'లేదు' అనే. 2024లో యూబీసాఫ్ట్ 'ద క్రూ' సర్వర్లు ఆపేయగానే, డబ్బులు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. దాంతో మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి యూరప్‌లో 2025 నాటికి పది లక్షలకి పైగా సంతకాలు వచ్చాయి.

ఆ తలుపులు తెరిచి ఉంచాల్సింది కంపెనీలే. అవి తెరిచినా లోపల మనుషులు ఉండాలి కదా! మీకూ ఏదో ఒక గేమ్ గ్రూప్ ఉండే ఉంటుంది. ఈరోజు అందులో ఒక కొత్తవాడు ఏదైనా సిల్లీ డౌట్ అడిగితే 'నూబ్' అని నవ్వేస్తారా, లేక పది నిమిషాలు కూర్చుని చెప్తారా? ఆ గ్రూప్ ఎన్నాళ్లు ఉంటుందో అక్కడే తేలిపోతుంది.