చలి కడుపున పుట్టిన మంట

శ్రీహరికోటలో రాకెట్టు లేచునాడు సూళ్ళూరుపేటనుండి పులికాట్ సరస్సు మీదుగా పోవు బాట పొడవునను, సందర్శకులకొరకు కట్టిన గ్యాలరీ మెట్లమీదను గుమిగూడు జనమునకు కనులపండువైన దృశ్యము రెండుమూడు నిమిషములలో ముగిసిపోవును. ధూమస్తంభము గాలికి చెదరి, నిప్పుచుక్క నీలిమలో కలిసిపోగానే పిల్లలను చంకనెత్తుకొని, బస్సులకై తొందరపడుచు, అందరును వెనుదిరుగుదురు. జి.ఎస్.ఎల్.వి. అను మూడంతస్తుల రాకెట్టు విషయమున అసలు పరీక్ష అప్పటికింకను ఆరంభమే కాలేదు. లేచిన సుమారు అయిదు నిమిషములకు, బంగాళాఖాతముపై నూరు కిలోమీటర్లకు మించిన ఎత్తున, ఏ కంటికిని కానరాని చోట, మూడవ అంతస్తులోని అతిశీతల ఇంజిను రగులుకొని, రమారమి పండ్రెండు నిమిషములు ఎడతెగక మండవలసియుండును. దూరకక్ష్యకు పోవు ఉపగ్రహమునకు కావలసిన వేగములో ఇంచుమించు సగమును సమకూర్చునది ఈ ఇంజినే. కావుననే ప్రయోగములను వ్రతముగా పట్టి చూచు మాబోంట్లు ఆకాశమును విడిచి, నియంత్రణ కేంద్రపు తెరమీద ప్రాకు గీతను చూచుటకు అలవాటుపడితిమి.

ఈ యంత్రమునకు మూలపురుషులని చెప్పదగినవారు రాకెట్టు నెన్నడును ఎగురవేయనివారు. 1898లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు జేమ్స్ డ్యూయర్ ఉదజని వాయువును తొలిసారిగా ద్రవరూపమునకు దింపెను; అయిదేండ్ల పిమ్మట, రష్యాలో బడిపంతులుగా జీవనము గడుపుచుండిన సియోల్కోవ్‌స్కీ, ద్రవోదజనియు ద్రవ ఆమ్లజనియు కలిసి మండుటయే రోదసీయానమునకు తగిన సాధనమని కాగితముమీద నిరూపించెను. ఆ గణితసారమును ఇట్లు చెప్పవచ్చును: ఒక కిలో ఇంధనమును మండించి ఒక కిలో బరువును మోయగల బలమును ఎన్ని సెకనులు నిలుపవచ్చునని లెక్కించినచో, మన రాకెట్టుల రెండవ అంతస్తునందలి వికాస్ ఇంజిను మూడువందల సెకనుల లోపలనే ఆగిపోవును, అతిశీతల ఇంజిను నాలుగువందల యేబదివరకు పోవును. దహనమువలన పుట్టునది నీటియావిరి యగుటచేతను, అది తక్కిన ఇంధనముల పొగలకంటె తేలికయైనదగుటచేతను, అంత అధిక వేగముతో వెలువడును.

ఇంతటి ప్రయోజనమునకు మూల్యము చలి. ఆమ్లజని మైనస్ 183 డిగ్రీలవద్దను, ఉదజని మైనస్ 253 డిగ్రీలవద్దను మాత్రమే ద్రవములుగా నిలుచును. ఉదజని ఎంత తేలికయనగా, పది లీటర్లు పట్టు బిందెను దానితో నింపినను లోపలి సరకు ముప్పాతిక కిలో తూగదు. కావున తొట్టి పెద్దది కావలెను, పెద్దదైనను బరువెక్కరాదు. అంతకంటె చిక్కైన సంగతి మరియొకటి కలదు. మైనస్ 253 డిగ్రీలకు మనము పీల్చు గాలియే గడ్డకట్టి రాయియగును; గొట్టములలో గాని కవాటములలో గాని కొంచెము గాలియో తేమయో మిగిలిపోయినచో అది మంచుపలుకై ఇరుకు సందులను మూసివేయును, కావుననే ముందుగా హీలియము వాయువును పంపి అంతయు ప్రక్షాళన చేయుదురు. గొట్టములను మొదట చల్లబరుపనిదే ఉదజని దారిలోనే మరిగి ఆవిరియగును. ఆవిరిని త్రాగిన పంపు అడ్డులేక పిచ్చివేగముతో తిరిగి ముక్కలగును. ఇదంతయు కడచి లోపలికి చేరిన ఉదజని, మూడువేల డిగ్రీల మంటను చుట్టియున్న గోడల సన్నని కాలువలలో పారి, ఆ గోడలను కరగకుండ కాపాడి, పిదపనే తాను మండును. నిప్పును మచ్చిక చేసికొనుట మానవుడు ఏనాడో నేర్చినాడు. ఈ యంత్రమునందు మచ్చిక కానిది చలియే. దీని ఆపదలను ఒక్కొక్కటిగా విప్పి చూచినవారికి ఈ మాట స్పష్టమగును.

ఈ ఇంధనముతోనే నడచు అమెరికావారి సెంటార్ అంతస్తు 1962 మే నెలలో నిమిషము లోపలనే పేలిపోయి, మరుసటి యేట నవంబరులో గాని కక్ష్యను చేరలేదు. భారతదేశము 1991లో సోవియట్ సంస్థయగు గ్లావ్‌కాస్మాస్‌తో ఒడంబడిక చేసికొని, ఇంజినులనే గాక వానిని నిర్మించు విద్యనుగూడ కొనదలచెను. ఇది క్షిపణులకు పనికివచ్చు విద్యయని అమెరికా అభ్యంతరము తెలిపి, 1992లో ఆంక్షలు విధించెను. ప్రయోగమునకు ముందు గంటలతరబడి చల్లబరచి నింపవలసిన ఇంధనముతో నడచు క్షిపణిని ఏ సేనాపతి కోరునో ఊహకందదు. అయినను ఆ అభ్యంతరము చెల్లినది, మరుసటి యేట రష్యా విద్యను నిరాకరించి సిద్ధమైన అంతస్తులను మాత్రము ఇచ్చుటకు అంగీకరించినది. వచ్చినవి ఏడు, ఎగిరినవి ఆరు. ఆ ఇంజిను కథయు విచిత్రమైనదే: 1960ల దశకమున సోవియట్ చంద్రయాత్రకొరకు ఇసాయెవ్ నిర్మాణశాలలో రూపొంది, ఆ యాత్ర విరమింపబడగా మూలబడి, తన తొలి గగనయానమును 2001 ఏప్రిల్ 18న మన కోస్తానుండి చేసినది.

నిరాకరించిరి గనుక మనమే చేసికొంటిమని ఈ కథను ఒక్క వాక్యములో ముగించు అలవాటు మనలో కలదు. అది అర్ధసత్యము. 1994లో స్వదేశీ నిర్మాణమునకు పూనుకొన్న నాటినుండి అది ఎగురుటకు పదునారేండ్లు పట్టినది; ఆ నడుమ ఆ రష్యా అంతస్తులే రాకెట్టును ఎగురవేయుచు, మనవారికి నింపుట, చల్లబరచుట, నిలుపుట అను పాఠములను చేతికి నేర్పినవి. పథకనాయకుడైన నంబి నారాయణన్ 1994లో గూఢచర్యపు ఆరోపణపై నిర్బంధింపబడుటయు, అది మిథ్యయని పిదప తేలుటయు లోకవిదితము. విడిభాగములను మలచుటలో హైదరాబాదు ఎం.టి.ఎ.ఆర్. కర్మాగారమునకును, బొంబాయి గోద్రెజ్ సంస్థకును భాగము కలదు. మండించి చూచునది తమిళనాట మహేంద్రగిరిలో.

2010 ఏప్రిల్ 15న స్వదేశీ ఇంజిను తొలిసారి ఎగిరెను. మంట అంటుకొన్నది. తొట్టినుండి ఉదజనిని ముందుకు త్రోయు చిన్న పంపు నిమిషమునకు 34,800 చుట్ల వేగమునందుకొని, ఒక సెకనైనను నిండకముందే మందగించి, మరి అరసెకనులో నిలిచిపోయినది. ఇంధనము రాక పెద్ద ఇంజిను ఆరిపోయి, ఉపగ్రహము సముద్రము పాలైనది. చలికి లోహము ముడుచుకొని తిరుగుభాగము పట్టివేసెనో, ఒత్తిడికి తొడుగు పగిలెనో యని విచారణలో రెండు ఊహలు చేసిరి. ఆ డిసెంబరులో రష్యా అంతస్తుతో లేచిన రాకెట్టుగూడ నిమిషము కాలములో నాశనమయ్యెను. 2013 ఆగస్టులో ఉలుకు మరియొక వైపునుండి వచ్చినది: ఇంక 74 నిమిషములలో లేవవలసియుండగా రెండవ అంతస్తులో ఇంధనము కారుచున్నదని తెలిసి ప్రయోగమును ఆపిరి. ఎట్టకేలకు 2014 జనవరి 5న స్వదేశీ ఇంజినుతోనే జీశాట్-14 ఉపగ్రహము కక్ష్యను చేరినది.

జయము సిద్ధించెనుగదా యని ఏమరుటకు ఈ యంత్రము వీలీయదు. 2021 ఆగస్టు 12న, వరుసగా విజయములనిచ్చిన యదే ఇంజిను రగులుకొనవలసిన వేళకు, ఉదజని తొట్టిలో ఒత్తిడి చాలదయ్యెను. విచారణలో తోచిన కారణము ఒక కవాటములోని మెత్తని బిగింపు చెడి వాయువు కారుట. 2010లోను 2021లోను తప్పినది ఆ చిన్న పంపుచెంతనే. కవాటమును మార్చి, 2023 మే నెలలో మరల ఎగురవేసిరి. 2025 జూలైలో నైసార్ ఉపగ్రహమును 743 కిలోమీటర్ల ఎత్తునకు చేర్చినదియు ఈ వంశముదే.

నా దృష్టిలో ఇంతకంటె గొప్ప నిర్ణయము ఎల్.వి.ఎమ్.-3 అను పెద్ద రాకెట్టుకొరకు చేసిన సి.ఇ.-20 ఇంజిను. రష్యా పద్ధతియందు ఇంధనములో ఒక్క చుక్కయు వ్యర్థము కాదు గాని, భాగములన్నియు ఒకదానితో నొకటి పెనవేసికొని, విడివిడిగా పరీక్షింప వలనుపడవు. కొత్త ఇంజినులో కొద్దిపాటి ఇంధనమును పంపులను త్రిప్పుటకే కాల్చి విడిచిపెట్టుదురు. పది సెకనుల సామర్థ్యము పోయినను, ప్రతి భాగమును వేరుగా మండించి చూచు సౌలభ్యము దక్కినది. 2017 జూన్‌లో తొలిసారి ఎగిరినది మొదలు 2025 చివరివరకు, చంద్రయాన్-3తో సహా, ఇది ఒక్కసారియు వమ్ము కాలేదు.

ఇప్పుడు మావంటివారి కుతూహలమంతయు ఆరిన ఇంజినును మరల వెలిగించుటమీద నిలిచియున్నది. 2025 నవంబరు 2న 4,410 కిలోల సి.ఎమ్.ఎస్.-03 ఉపగ్రహమును విడిచిన పిదప, సి.ఇ.-20 దహనకోష్ఠమును అంతరిక్షముననే తిరిగి రగిలించిరి. భారరహితస్థితిలో ద్రవములు తొట్టి అడుగున నిలువవు. పంపులను కదలించుటకు ప్రతి ప్రారంభమునకును నిలువచేసిన వాయువుతో ఒక సీసా కావలెను, సీసా పెరిగినకొలది ఉపగ్రహపు బరువు తరుగును. అందుచేత బయటి వాయువు సాయము లేకయే, తొట్టిలోని ఒత్తిడితోనే పంపులు తిరుగ మొదలిడునట్లు మహేంద్రగిరిలో ఇంజినును పరీక్షించుచున్నారు. ఒకే ప్రయాణములో వేర్వేరు కక్ష్యలకు ఉపగ్రహములను దింపవలెనన్నచో దీనికి ఆ విద్య రావలసియున్నది.