కడుపుకి బిళ్ల వేసుకునే ముందు

పర్సుడీహ్‌లో ఖాస్‌మహల్ సదర్ ఆసుపత్రికి వెళ్లే దారిలో మాది మందుల షాపు. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి టాటా కంపెనీ పనికి జంషెడ్‌పూర్ వచ్చారు. నేను ఫార్మసీ చదివి ఇక్కడే ఉండిపోయాను. షాపుకి తెలుగువాళ్లు, బెంగాలీలు, సంతాలీలు, బీహారువాళ్లు అందరూ వస్తారు. ఎక్కువమంది అడిగేది కడుపుకి మందే. "గ్యాసు బిళ్ల ఒకటియ్యి బాబూ" అంటారు మన పెద్దవాళ్లు. ఇచ్చేముందు నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను.

మొదటిది: మంట ఎప్పుడొస్తుంది? బి షిఫ్టు వాళ్లు రాత్రి పది దాటాక ఇల్లు చేరి, కడుపునిండా తిని వెంటనే పడుకుంటారు. అన్నవాహికకీ జీర్ణాశయానికీ మధ్య ఉండే కండరం వదులైతే ఆమ్లం పైకి తన్ని గుండెల్లో మంట పుడుతుంది. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకోవడం, ఖైనీ మానడం సగం వైద్యం. పాంటోప్రజోల్ వేసుకుంటే పొద్దున టిఫినుకి అరగంట ముందే వేసుకోవాలి. అయితే ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఎడమచెయ్యి లాగుతుంటే గ్యాసని కూర్చోకండి. అది గుండెపోటు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండోది: మోకాళ్లనొప్పులకి ఏం వాడుతున్నారు? డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే జీర్ణాశయపు లోపలి పొర రక్షణ కోల్పోయి పుండు పడుతుంది. పుండుకి మరో ముఖ్య కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. పుండుకి అదే కారణమని రుజువు చేయడానికి ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నారు. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. ఈ క్రిమికి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు సాధారణంగా 14 రోజులుంటుంది. నొప్పి తగ్గిందని నాలుగో రోజే మానేస్తే క్రిమి చావదు. విరేచనం తారులా నల్లగా అవుతుంటే లోపల రక్తం కారుతోందేమో చూపించుకోవాలి.

మూడోది: విరేచనాలవుతుంటే ఒంట్లోకి నీరు వెళుతోందా? ఓఆర్ఎస్ పొట్లం ఇచ్చినప్పుడు నేను లీటరు సీసా చూపించి మరీ చెబుతాను. పొట్లంలో ఉప్పులూ గ్లూకోజూ కలిపి 20.5 గ్రాములుంటాయి. పొట్లమంతా ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. చాలామంది గ్లాసుడు నీళ్లలో పొట్లమంతా వేసేస్తారు. అప్పుడు ఉప్పు ఎక్కువై పసిపిల్లల ప్రాణానికే ముప్పు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. పిల్లలకి దాంతోపాటు 14 రోజులు జింకు ఇవ్వాలి. ఓఆర్ఎస్ పనిచేసే తీరు ఇది: గ్లూకోజు పేగు గోడలోంచి ఉప్పుని వెంటబెట్టుకుపోతుంది, ఉప్పు వెనకాలే నీరు వెళుతుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించారు.

నాలుగోది: బరువు తగ్గారా, రక్తం పడుతోందా? బరువు తగ్గడం వెనక పేగుజబ్బు ఉండొచ్చు. మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. ఆయనకీ ఆ జబ్బు వచ్చింది. అందులో తిన్నది పేగు పీల్చుకోలేక మనిషి చిక్కిపోతాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోనే ఫోలిక్ ఆమ్లం తయారైంది. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో అక్కడే వెలువడింది. ఈనాటికీ స్ప్రూకి వాడేవి ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ మందులే. బరువు తగ్గడానికి పేగు క్షయ, క్యాన్సరు కూడా కారణం కావచ్చు. రక్తం పడగానే మొలలే అనుకుని సిగ్గుతో దాచుకుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే అడుగుతున్నాను: మంటో నొప్పో రెండు వారాలు దాటినా, మింగడం కష్టమైనా, బరువు తగ్గినా, రక్తం కనిపించినా మందుల షాపు దగ్గర ఆగిపోకండి. మీ ఊరి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి డాక్టరుకి అన్నీ చెప్పండి. షాపులో బిళ్ల దొరుకుతుంది గానీ పరీక్ష జరిగేది ఆసుపత్రిలోనే.